ఆటో మీద వచ్చే డబ్బుకి పదో వంతు ఎంత?

మా ఇంట్లో లెక్క పుస్తకం పొదుపు చేద్దామని మొదలవలేదు. రాబడిలో పదో వంతు చర్చికి ఇచ్చే దశమభాగం కవరు మీద ఒక ఖాళీ గీత నింపలేక మొదలైంది.

మా ఆయనకి ఆటో ఉంది. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఆమదాలవలస స్టేషనుకి తిప్పుతాడు. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది గానీ ఊరు అక్కడ ఉండదు. రైలు దిగిన బయటివాళ్లు "ఊరేదండీ?" అని చుట్టూ చూస్తారు. ఆ చూపే మా బేరం. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. బాబు తొమ్మిదో తరగతి, పాప మూడో తరగతి. అత్త మాతోనే ఉంటుంది.

మా చర్చి సంఘంలో 2025 జనవరి నుంచి కానుకలకి కవర్లు పెట్టారు. కవరు మీద నాలుగు గీతలు అచ్చు వేయించారు: పేరు, నెల, రాబడి, దశమభాగం. టీచరు పని చేసే వాళ్లు చేతిలోకి తీసుకున్న నిమిషంలో నింపేశారు. అత్తయితే అంతకన్నా బేగి నింపించింది. ఆవిడకి ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి ఇచ్చే పింఛను 4,000. అందులో నాలుగు వందలు అక్కడికక్కడే చీర కొంగులో ముడేస్తుంది. టెక్కలి పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఆ వైపు కెనడా బాప్టిస్టు మిషనరీలు పని చేసిన ఊళ్లలో పెరిగిన పాతతరం విశ్వాసి. ఇప్పటికీ అన్నం వండబోయే ముందు ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. నెలాఖరుకి ఆ బియ్యం ఏ విధవరాలికో పోతాయి. ఆవిడకి లెక్కలు రావు, సంతకం కూడా కష్టమే. కానీ తన మొత్తం ఎంతో, అందులో దేవుడిది ఎంతో ఆవిడకి తెలుసు.

నా దగ్గర మాత్రం 'రాబడి' అన్న గీత ఖాళీగా ఉండిపోయింది. ఆటో డబ్బు నెలకి ఒకసారి రాదు. పొద్దున వంద, మధ్యాహ్నం మూడొందలు, సాయంత్రం డీజిలుకి నాలుగొందలు పోయి, రాత్రి జేబులో ఏదో మిగులుతుంది. "నెలకి ఎంతొస్తాది బావా?" అని అడిగితే మా ఆయన నా వైపు చూసి, "ఏటే, ఆటోవోడికి జీతం సీటీ ఇస్తారేటి?" అన్నాడు. పాతికవేలు ఉంటుందన్నాడు కాసేపటికి. ఇంకాసేపటికి పదిహేను అన్నాడు. రెండూ నమ్మకంగానే చెప్పాడు.

కాబట్టి పుస్తకం కొన్నాను. ఎడమ పేజీ బండికి, కుడి పేజీ ఇంటికి.

ఇందులో కష్టం రాయడం కాదు, రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చిన మనిషిని "ఈ రోజు మొత్తం ఎంత?" అని అడగడం. అలిసిపోయి ఉంటాడు. అడిగితే పోలీసు అడిగినట్టు ఉంటుంది. అందుకని అడగడం మానేసి, బండిలో రెండు జిప్పు సంచులు పెట్టమన్నాను. పాసింజర్లు ఇచ్చింది అంతా ఎర్ర సంచిలో వెయ్యాలి. డీజిలు, టీ, పంక్చరు అన్నీ అందులోంచే తియ్యాలి గానీ, తీసినప్పుడల్లా బంకు చీటీయో, చిత్తుకాగితమో నల్ల సంచిలో పడెయ్యాలి. ఫోన్‌పేలో వచ్చినవి నేనే రాత్రి ఫోన్లో చూసి రాసుకుంటాను. ఎర్ర సంచిలో మిగిలింది, నల్ల సంచిలో చీటీలు, ఫోన్‌పే కలిపితే ఆ రోజు కలెక్షను. మొదటి వారం చీటీలు రాలేదు. రెండో వారం సిగరెట్టు పెట్టె అట్టముక్క మీద "టీ 20" అని రాసి వచ్చింది. ఆయన సిగరెట్టు కాల్చడు, ఆ పెట్టె ఎవరిదో నేను అడగలేదు.

నెల అవుతుండగా అసలు చిక్కు వచ్చింది. పదో వంతు దేని మీద? కలెక్షను మీదా, డీజిలు పోయాకా, బండి కిస్తీ కూడా పోయాకా? మా ఆయన వాదన ఏంటంటే, ఫైనాన్సు తీరేదాకా బండి తనది కాదు, కాబట్టి కిస్తీ పోయాక మిగిలిందే తన సంపాదన. అత్త వాదన: "దేవుడికాడ బేరాలేటిరా." వచ్చినదంతా మీద ఇవ్వాలి, అంతే. ఇద్దరూ నా మొహం చూశారు.

ఆదివారం కూడిక అయ్యాక అయ్యగారిని అడిగాను. పాస్టర్లు ఇలాంటి ప్రశ్నకి వచనం చెప్పి పంపేస్తారని అనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని కాగితం అడిగారు. ద్వితీయోపదేశకాండం 14లో "నీ విత్తనముల పంటలో దశమభాగము" అని ఉంది కదమ్మా, పంట అంటే పండినది, చల్లిన విత్తనం కాదు, అన్నారు. "డీజిలు బండి తిండి. తిండి పెట్టకపోతే బండి నడవదు, అది తీసెయ్యండి. బండి రిపేరు, ఇన్సూరెన్సు కూడా తీసెయ్యండి. కిస్తీ మాత్రం తియ్యకండి. బండి కొనడం మీ నిర్ణయం, రేపు ఆ బండి మీ ఆస్తి అవుతుంది." కొత్త నిబంధనలో ఇంత శాతం ఇవ్వాలని లెక్క కట్టలేదనీ, నిశ్చయించుకున్న ప్రకారం ఇష్టంగా ఇమ్మనే ఉందనీ కూడా చెప్పారు. ఈ మాట ఆయన పుల్పిటు మీంచి ఎందుకు చెప్పరో నాకు తెలుసు. చెబితే నిశ్చయించుకునే వాళ్లు తక్కువ, ఊరుకునే వాళ్లు ఎక్కువ.

జనవరి లెక్క ఇలా తేలింది. బండి కలెక్షను 33,800. డీజిలు 10,900. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ లాంటివి ఒక్కసారిగా మీద పడతాయి కాబట్టి, బండి కదిలిన రోజుకి 80 చొప్పున డబ్బాలో వేసింది 2,080. మిగిలింది 20,820. సంక్రాంతి ముందు కుట్టుపని బాగా దొరికింది. దారం, లైనింగు గుడ్డ, హుక్కులు పోగా 6,200. రెండూ కలిపి 27,020. కవరు మీద రాయాల్సిన అంకె మొదటిసారి దొరికింది. పదో వంతు 2,702.

అప్పుడు కుడి పేజీ చూశాను. బండి కిస్తీ 7,800. ఇంటద్దె 4,500. సరుకులు, పాలు, కూరలు, గ్యాసు 7,200. కరెంటు, ఫోన్లు 1,150. బాబు ట్యూషను 1,500. మరిది పెళ్లికి తెచ్చిన అరవై వేలకి నూటికి మూడు రూపాయల వడ్డీ, 1,800. డైలీ ఫైనాన్సుకి రోజుకి వంద, 3,000. మొత్తం 26,950.

అంటే నెలంతా అయ్యాక మా చేతిలో 70 రూపాయలు. దశమభాగం ఇంకా తియ్యలేదు.

డైలీ సంగతి ఆటో ఇళ్లలో అందరికీ తెలుసు గానీ తెలియని వాళ్ల కోసం చెబుతాను. పదివేలు అప్పు అంటారు. చేతికి తొమ్మిదివేలే ఇస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి వెయ్యి రూపాయలే పోయినట్టు ఉంటుంది, కుర్రాడు స్టాండుకే వచ్చి తీసుకెళ్తాడు, ఎక్కడికీ తిరగక్కర్లేదు. కానీ ఆ తొమ్మిదివేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు, రెండో రోజు నుంచే తిరిగి పోతూ ఉంటాయి. సగటున నాలుగున్నర వేలే మనం వాడుకున్నట్టు. దాని మీద మూడు నెలల పది రోజులకి వెయ్యి అంటే ఏడాదికి నూటికి డెబ్బై అయిదు దాటుతుంది. మూడు రూపాయల వడ్డీ ఏడాదికి 36. ఆ మూడు రూపాయలకే మా అత్త "రక్తం తాగుతున్నాడు" అని తిట్టిపోస్తుంది, డైలీ కుర్రాడికి మాత్రం మజ్జిగ ఇస్తుంది.

ఈ రెండు అంకెలూ అత్తకి చదివి వినిపించాను. వడ్డీవాళ్లిద్దరికీ కలిపి నెలకి 4,800, దేవుడికి ఇంకా లేదు. ఆవిడ కాసేపు ఊరుకుని, "అప్పుచేయువాడు అప్పిచ్చువానికి దాసుడు అని సామెతల్లో ఉన్నాది. నాకు సదవడం రాదు గానీ ఆ ముక్క వొచ్చు" అంది.

ఇక్కడ రెండు రకాల సలహాలు వచ్చాయి. మరిది ఫోన్ చేసి, అప్పు తీరేదాకా దశమభాగం ఆపెయ్యండి, దేవుడేమన్నా నోటీసిస్తాడా అన్నాడు. (తన పెళ్లి అప్పే అది.) ఇంకోవైపు, టీవీలో రాత్రిపూట వచ్చే ప్రసంగాలు చూసే ఒక అక్క, ఇప్పుడే రెట్టింపు ఇవ్వండి, విత్తనం వేస్తే నూరంతలు వస్తుంది, అప్పులు వాటంతటవే కొట్టుకుపోతాయి, కింద నంబరు కూడా వేస్తారు, అంది. నాకు రెండూ నచ్చలేదు. మొదటిది సరే, ఎందుకు నచ్చలేదో తేలికగానే చెప్పొచ్చు. రెండోదాని మీద నాకు కోపం ఎక్కువ. బైబిల్లో విధవరాలి అప్పు తీరిన కథ ఒకటుంది, రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో. పాత్రలన్నీ నూనెతో నిండిన అద్భుతం అందరూ చెబుతారు. ఆ తర్వాత ఎలీషా ఆమెకి ఏం చెప్పాడో ఎవరూ ఆగి చూడరు. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. నాకు సగం కానుకగా పంపించు అనలేదు.

అయ్యగారు మధ్యదారి ఒకటి చెప్పారు, మేము దాన్నే పట్టుకున్నాం. డైలీ అయిపోయేదాకా ఎంత ఇవ్వగలమో అంతే ఇవ్వడం, కవరు మీద మాత్రం నిజం రాయడం. ఫిబ్రవరి కవరు మీద "రాబడి 27,020, కానుక 1,000" అని రాశాను. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది, ఎందుకంటే కవర్లు విప్పేది మా సంఘ కోశాధికారి, ఆయన భార్య నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. అయినా రాశాను. మార్చిలో డైలీ ముగిసింది. కుర్రాడు కొత్త కార్డు పట్టుకునే వచ్చాడు, "అన్నా, ఈసారి ఇరవై ఇస్తాం" అని. మా ఆయన అక్కర్లేదన్నాడు. ఆ 3,000 ఆగడంతో ఏప్రిల్ నుంచి పదో వంతు పూర్తిగా తియ్యగలిగాం.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. దశమభాగం కాదు క్రైస్తవ ఇళ్లలో చేతులు ఖాళీ చేసేది. దాని చుట్టూ ఉండే చిన్న చిన్నవి. పుట్టినరోజుకి కృతజ్ఞత కానుక, పెళ్లిరోజుకి కానుక, ఇంట్లో కూడిక పెడితే వచ్చిన వాళ్లకి ఫలహారం, బయటి నుంచి దైవజనుడు వస్తే ప్రయాణ ఖర్చులకి, ఉజ్జీవ కూడికలకి, స్త్రీల సమాజానికి, గుడి స్లాబుకి. ఒక్కొక్కటీ వందా రెండొందలే. పుస్తకంలో వాటికి వేరే గడి గీసి చూస్తే, కొన్ని నెలల్లో దశమభాగంలో సగం దాకా ఉన్నాయి. వీటిలో చాలావాటికి దేవుడి ముందు కాదు, పక్క బెంచీ ముందు ఇస్తాం.

స్లాబు కోసం చేతులెత్తమన్న రోజు సంఘమంతా లేచి నిలబడి అయిదువేలు, పదివేలు అని చెబుతున్నారు. నేను లేవలేదు. తర్వాత కమిటీ పెద్దలతో, "నెలకి 200 ఇస్తాను, రెండేళ్లు ఇస్తాను, రాసుకోండి" అన్నాను. గోపురం కట్టబోయేవాడు కూర్చుని తగులుబడి మొదట లెక్కచూచుకొనడా అని లూకా 14లో ప్రభువే అన్నాడు, గుడి స్లాబుకీ అదే వర్తిస్తుంది కదా అన్నాను. ఒక పెద్దాయన నవ్వి రాసుకున్నారు. ఇంకొకాయన నవ్వలేదు. మిగతా చిన్న కానుకలన్నీ మూడు రూపాయల అప్పు తీరేదాకా ఆపేశాం. పాప పుట్టినరోజుకి కానుక ఇవ్వకుండా ప్రార్థన మాత్రం చేయించుకున్నాం. అత్తకి ఇది మింగుడుపడలేదు. తన పింఛనులోంచి యాభై రూపాయలు తీసి పాప చేతిలో పెట్టి కానుక పెట్టెలో వేయించింది. అది ఆవిడ డబ్బు, నా పుస్తకంలోకి రాదు.

మే నెలలో గొలుసు తాకట్టు పెట్టాం. పుట్టింటివాళ్లు పెట్టిన రెండు తులాల గొలుసు. ఆ ఏడాది ఏప్రిల్లోనే మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటింది, ఊళ్లో ఎక్కడ విన్నా అదే మాట. బ్యాంకులో గొలుసు పెట్టి అరవై వేలు మాత్రమే తీసుకుని, అదే రోజు మూడు రూపాయల ఆయనకి అసలు కట్టేసి, ప్రోనోటు వెనక్కి తీసుకున్నాం. ప్రోనోటు చింపే ముందు దాని వెనక జమలు చూడండి, ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆయన దగ్గర రెండు నెలల వడ్డీ జమ రాయలేదు, మా పుస్తకంలో తేదీతో ఉంది. చూపించాను, ఒప్పుకున్నాడు. బ్యాంకు వడ్డీ నూటికి ముప్పావలా, అంటే అరవై వేలకి నెలకి 450. మునుపు 1,800 కట్టేవాళ్లం కదా, అదే 1,800 కట్టడం ఆపలేదు. 450 వడ్డీకి, 1,350 అసలుకి.

అయితే బ్యాంకులో ఒక చిక్కు ఉంటుంది. మీ గొలుసు మీద ఇంకా చాలా వస్తుందమ్మా, లక్ష దాకా ఇవ్వొచ్చు అని కౌంటరులోనే చెబుతారు. తర్వాత ఫోన్లు కూడా చేస్తారు. ధర పెరిగినప్పుడల్లా ఇంకా తీసుకోమంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే ఇస్తారు. అదే ప్రమాదం. మా ఆయన ఆ మాటకి కాస్త కదిలాడు, వెనక టైర్లు అరిగాయి అన్నాడు. టైర్ల డబ్బాలో ఎంతుందో చూపించాను.

జూన్‌లో, బడికి వెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. ఒక్కో పిల్లకి 13,000 చొప్పున ఇద్దరికీ 26,000. పదహారు వేలు పిల్లల ఫీజులకీ, పుస్తకాలకీ పోయాయి, పదివేలు గొలుసు అప్పుకి కట్టాం. ఇక అంతా సాఫీగా పోతుందనుకున్నాం.

ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. నేనూ ఆడదాన్నే, సంతోషించాలి. ఆ వారమే పెద్ద పోస్టాఫీసుకి బస్సులో వెళ్లాను, ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన, "నువ్వు కూడా నా బండెక్కవన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమదాలవలస రూట్లో మా పాసింజర్లు ఎక్కువమంది ఆడవాళ్లు. కాలేజీ పిల్లలు, కూరలమ్మే వాళ్లు, రిమ్స్ ఆసుపత్రికి వెళ్లే వాళ్లు. రోజుకి పదమూడొందలు వచ్చే కలెక్షను ఎనిమిది, తొమ్మిది వందలకి పడిపోయింది. సెప్టెంబరులో బండి మీద మిగిలింది పదకొండు వేల చిల్లర. కిస్తీ 7,800 అలాగే ఉంది.

పుస్తకం లేకపోతే ఈ దెబ్బ డిసెంబరులో తెలిసేది, అప్పటికి రెండు డైలీలు నడుస్తూ ఉండేవి. సెప్టెంబరు మొదటి వారంలోనే తెలిసింది కాబట్టి అప్పుడే కూర్చున్నాం. గొలుసుకి అసలు కట్టడం ఆపి వడ్డీ మాత్రం కట్టాం. ఒక నెల కిస్తీకి రిపేరు డబ్బాలోంచి తీశాం. మా ఆయన స్టేషనులో రైళ్ల వేళలు పట్టుకున్నాడు, రాత్రి బండ్లకి బస్సులుండవు కదా. ఆరుగురు బడిపిల్లల్ని తీసుకెళ్లే ఒప్పందం కుదిరింది, నెలకి 900 చొప్పున 5,400. దశమభాగం తగ్గింది. రాబడి తగ్గితే పదో వంతు కూడా తగ్గుతుంది, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. గుత్తగా ఇంత ఇస్తానని మాటిచ్చిన వాళ్లకి ఆ సౌకర్యం లేదు.

అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో డ్రైవర్లకి 15,000 వేసింది. ఇందులో దశమభాగం తియ్యాలా అని మళ్లీ ఇంట్లో సభ జరిగింది. పోయిన కలెక్షనుకి బదులు వచ్చింది కాబట్టి కలెక్షనే అని మా ఆయనే తేల్చాడు. జనవరిలో కిస్తీ పోయాకే అన్న మనిషి. 1,500 పోగా మిగిలింది బండి ఇన్సూరెన్సుకీ, కిస్తీకీ సరిపోయింది.

ఆ రోజుల్లోనే స్టాండులో ఇంకో డ్రైవరు, మా సంఘం తమ్ముడే, కొత్త బండి ఫైనాన్సుకి జామీను సంతకం అడిగాడు. మా ఆయన కాదనలేక నా దగ్గరికి తీసుకొచ్చాడు. "అప్పులకు పూటబడు వారితోను చేరకుము" అని సామెతలు 22లో ఉంది, దాని తర్వాతి వచనంలో చెల్లించలేకపోతే నీ కింద పరుపు కూడా తీసుకుపోతారని ఉంది. చదివి వినిపించలేదు. ఇంటికొచ్చిన మనిషికి వాక్యం చూపించి పంపడం మర్యాద కాదు. "తమ్ముడూ, సంతకం పెట్టలేం. రెండువేలు మాత్రం ఇవ్వగలం, తిరిగి ఇవ్వక్కర్లేదు" అన్నాను. అతను తీసుకోలేదు. ఇప్పటికీ వందనాలు చెబితే తల ఊపి వెళ్లిపోతాడు. ఇది ఏం చేస్తే బాగుపడుతుందో నాకు తోచలేదు.

వాడలో నడిచే చీటీలో కూడా చేరమన్నారు. చీటీ పాటకి నేను వ్యతిరేకిని కాదు, కానీ రిజిస్టరు కాని చీటీలో నడిపే మనిషి మంచితనం తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బదులుగా పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాను. ఆ బస్సు ప్రయాణం అందుకే. పదేళ్లు నిండకముందే తెరవాలి, పాపకి ఎనిమిది. ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా బతికి ఉంటుంది, పదిహేనేళ్లు కట్టాలి, నేను తెరిచినప్పుడు వడ్డీ 8.2 శాతం. మేము కట్టేది నెలకి 300, చేతిలో ఉన్న నెల 500.

ఇన్సూరెన్సు దగ్గర కూడా సంఘంలో ఒక మాట పడింది. దేవుడు చూసుకుంటాడని నమ్మేవాళ్లకి అవెందుకు అని. ఏడాదికి 436 కట్టే జీవనజ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా, రెండూ బ్యాంకు ఖాతాలోంచే పోతాయి. ఒక్కోదానికి రెండు లక్షలు. రోజంతా రోడ్డు మీద ఉండే మనిషికి ఆ ఇరవై రూపాయలది కూడా లేకపోతే ఎలా? జీవనజ్యోతిలో చేరడానికి యాభై ఏళ్ల లోపు ఉండాలి కాబట్టి అత్తకి కుదరదు, ఇరవై రూపాయలది డెబ్బై దాకా ఉంది, అది చేయించాం. తన ఇంటివారిని సంరక్షించని వాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని మొదటి తిమోతిలో ఉంది. ఆ మాట అన్న పెద్దాయనకి ఈ వచనం నాకన్నా బాగా వచ్చు.

నవంబరులో స్త్రీల సమాజంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, అప్పుల్లోంచి దేవుడు ఎలా విడిపించాడో. పుస్తకం పట్టుకెళ్లాను. డీజిలు ఎంత, డబ్బాలో రోజుకి ఎంత, డైలీ వడ్డీ నిజంగా ఎంత పడుతుందో చెప్పాను. కొందరికి ఆశాభంగం అయింది, వాళ్లు ఇంకేదో వినడానికి వచ్చారు. ప్రార్థన అయ్యాక ముగ్గురు నలుగురు ఆగి, డ్వాక్రా కిస్తీ ఏ పేజీలో రాయాలి, మొగుడు చెప్పకుండా తెచ్చిన అప్పు ఎక్కడ రాయాలి అని అడిగారు. రెండోదానికి నా దగ్గర గడి లేదు.

క్రిస్మసుకి ఏప్రిల్ నుంచి నెలకి 300 కవరులో వేశాను. 2,700 అయింది. పిల్లల బట్టలు, క్యారల్స్ వాళ్లకి టీ, రస్కులు, కానుక, పండగ రోజు వంట, అన్నీ అందులోనే. పాప గౌను నేనే కుట్టాను. గుమ్మానికి స్టారు పాతదే, బల్బు మార్చాం. డిసెంబరులో కుట్టుపని మీద రాత్రిళ్లు కూర్చుని సంపాదించిన దాంట్లో పద్నాలుగు వేలు గొలుసుకి కట్టాను. ఇంకా ముప్పై వేల చిల్లర ఉంది.

ఆదివారం సంగతి చెప్పలేదు కదా. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి ఆదివారం జనం ఎక్కువ, ఆటోలకి అదే మంచి రోజు. మా ఆయన ఆదివారం ఆరాధన అయ్యేదాకా బండి తియ్యడు, పెళ్లయిన నాటి నుంచీ అంతే. పుస్తకం పెట్టాక, ఆ పొద్దుటి పూట ఎంత పోతోందో నాకు అంకె తెలిసింది. ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు.

2026లో రథసప్తమి జనవరి 25న, సరిగ్గా ఆదివారం పడింది. అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం, అక్కడి నుంచి జనమే జనం, రైళ్లన్నీ నిండుగా దిగుతాయి. ఏడాదికి ఒకసారి వచ్చే బేరం. అత్త, "ఆదివారం కాదేట్రా" అంది. మా ఆయన శనివారం రాత్రి భోంచేసి బండి తీశాడు. తెల్లారేదాకా స్టేషనుకీ, పోలీసులు బండ్లు ఆపేసే చోటుకీ తిప్పి, ఏడింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి మాతో ఆరాధనకి వచ్చాడు. ప్రసంగంలో నిద్రపోయాడు. అత్త రెండుసార్లు పొడిచింది.

ఎర్ర సంచిలో 3,100 ఉన్నాయి. డీజిలు చీటీ 700. దీన్ని శనివారం కింద రాయి, రాత్రి బండి తీసింది శనివారమే కదా అన్నాడు. అర్ధరాత్రి దాటాక వచ్చిందే ఎక్కువ, ఆదివారం కింద రాయి, ఉన్నదున్నట్టు రాయి అంది అత్త. ఆదివారం కింద రాశాను. కవరులో 240 పెట్టి, మిగిలింది టైర్ల డబ్బాలో వేశాం. వెనక టైర్లు రెండూ ఆ వారంలోనే మార్చాడు.